ఎవరు చెప్పారు, అయ్యగారూ?

ఈ నెల ఒక తప్పు ఒప్పుకొని మొదలుపెట్టాలి. అది నా ప్రసంగ పీఠం మీద జరిగిన తప్పు. దానిని నాకు చూపించినవారు మన సంఘములోని ఇద్దరు పిల్లలు, అన్నాచెల్లెళ్లు. వారి పేర్లు ఇక్కడ రాయను. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి పత్తి ఏరడానికి కూలికి పోతుంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కినవారు ఈ ఇద్దరే.

దసరా సెలవులలో ఒక సాయంకాలం ఆ చెల్లెలు నోటుపుస్తకం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. డిగ్రీ చదువుతున్నది. కాలేజీలో జిల్లా చరిత్ర మీద ప్రాజెక్టు రాయమన్నారట. మన జిల్లాకు పేరు పెట్టిన కొమురం భీమును గురించి రాయాలని పూనుకున్నది.

"అయ్యగారూ, భీము అమరుడైన తారీఖు ఏది?" అని అడిగింది.

నేను ఫోను తీసి రెండు నిమిషాలు వెదికి, "1940 అక్టోబరు 27" అని చెప్పాను.

"గదే ఫోన్ల ఇంకో కాడ సెప్టెంబరు 1 అని ఉన్నది. మా ఊరి గోండు పెద్దాయన ఆశ్వయుజ పున్నమి అంటుండు. ఆధారం లేకుంట రాస్తే సార్ ఒప్పుకోడు. మీరు చెప్పిన తారీఖు ఎవరు చెప్పిండ్రు అయ్యగారూ?"

నేను నీళ్లు నమిలాను. ఎవరు చెప్పారో నేను చూడలేదు. పైన కనబడింది చదివాను, అంతే.

ఆ అమ్మాయి కాసేపు తల వంచుకొని, మెల్లగా అన్నది: "మా అన్న కూడా మిమ్మల్ని గిట్లనే అడిగిండు. అప్పటిసంది చర్చికి వస్తలేడు."

ఆ మాట నాకు బాణములాగ తగిలింది. సంగతి ఏమిటంటే, రెండేళ్ల కిందట యౌవనస్థుల కూడికలో యెహోషువ గ్రంథము పదవ అధ్యాయము మీద ప్రసంగించాను. గిబియోనులో సూర్యుడు నిలిచిన సంగతి. చెప్పేటప్పుడు ఒక కథ జోడించాను. అమెరికాలో నాసా శాస్త్రజ్ఞులు కంప్యూటరులో గ్రహాల గతులను వెనుకకు లెక్కవేస్తుంటే ఒక రోజు తక్కువ వచ్చిందనీ, ఎందుకో తెలియక తికమకపడుతుంటే ఒకాయన బైబిలు తెరిచి యెహోషువ దినమును చూపాడనీ, అప్పుడు 23 గంటల 20 నిమిషాలు సరిపోయాయనీ, మిగిలిన 40 నిమిషాలు హిజ్కియా కాలములో నీడ పది మెట్లు వెనుకకు పోయిన దగ్గర దొరికాయనీ చెప్పాను. ఈ కథను బైబిలు కాలేజీలో చదువుకొనేటప్పుడు ఒక కరపత్రములో చదివాను. తరువాత వాట్సాపులో ఎన్నోసార్లు వచ్చింది. చెప్పినప్పుడల్లా జనము "హల్లెలూయా" అన్నారు.

కూడిక అయ్యాక ఆ పిల్లవాడు వచ్చి, "నాసా వాళ్లు ఈ సంగతి యాడ రాసిండ్రు అయ్యగారూ? మా దోస్తులకు చూపెట్టాలె" అని అడిగాడు. ఎంత మంచి ప్రశ్న! తన స్నేహితులకు సాక్ష్యము చెప్పాలన్నది అతని ఆశ. నేనేమో నలుగురి ముందు చిన్నబోయినట్టయి, "ప్రతిదానికీ ఆధారం అడిగేవాడు తోమా" అన్నాను. అందరూ నవ్వారు. తరువాత వాడే వెదికి చూసుకున్నాడట. నాసా వారు అలాంటిదేమీ లేదని చెప్పిన సంగతి దొరికిందట. ఇంటికి పోయి చెల్లెలితో, "గీ ముచ్చట అబద్ధమైతే మిగిలిన ముచ్చట్లు ఎట్ల నమ్మాలె?" అన్నాడట. రెండేళ్లుగా ఆ పిల్లవాడు రాకపోతే, చెడు సావాసము పట్టాడని నేను ప్రార్థనలో పేరెత్తి ఏడ్చాను గాని, కారణము నేనేనని నాకు తెలియలేదు.

తోమా అడిగినప్పుడు ప్రభువు కోపగించలేదు. తన చేతులు చూపాడు, ప్రక్క చూపాడు. నేను ఆ బిడ్డకు చూపడానికి నా చేతిలో ఏమీ లేదు. అందుకే ఎగతాళి చేశాను.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. కూర్చొని వెదికాను. నాకు పెద్ద చదువు లేదు. ఇంగ్లీషు కూడబలుక్కొని చదువుకుంటాను. అయినా రెండు గంటలలో సంగతి తేలిపోయింది. ఈ కథను 1969, 1970 ప్రాంతములో ప్రచారములోనికి తెచ్చినవాడు హెరాల్డ్ హిల్ అనే అమెరికా వ్యాపారి. 1974లో తన పుస్తకములో కూడా రాశాడు. ఆధారము చూపమని జనము ఉత్తరాలు రాస్తే ఆయన చూపలేకపోయాడు. నాసా వారి గొడ్డార్డ్ కేంద్రము తమ దగ్గర అలాంటిది జరగలేదని చెప్పింది. అసలు ఈ "పోయిన దినము" లెక్క అంతకంటె పాతది. చార్లెస్ టాటెన్ అనే సైన్యాధికారి 1890లోనే దాని మీద ఒక పుస్తకము రాశాడు. అప్పటికి కంప్యూటరు లేదు. నాసా పుట్టింది 1958లో. అంటే కథ ముందు పుట్టింది, నాసా పేరు తరువాత తగిలించారు.

ఇంకొక సంగతి కూడా అర్థమైంది. గ్రహాల గతులను కంప్యూటరు వెనుకకు లెక్కవేయగలదు. ఫలానా వేళ సూర్యుడు, చంద్రుడు ఎక్కడ ఉండవలెనో చెప్పగలదు. అయితే ఒక రోజు "పోయింది" అని తెలియాలంటే, ఆ కాలములో ఎవరైనా చూసి రాసిన వేరొక లెక్క పక్కన ఉండాలి. ఒక్క లెక్కతో లోటు తెలియదు. ఇంటి జమాఖర్చు చూసుకొనే ఏ తల్లినడిగినా ఈ మాటే చెబుతుంది: డబ్బాలో ఎంత ఉండాలో పుస్తకములో రాసుకుంటేనే తగ్గిందని తెలుస్తుంది.

మరి యెహోషువ దినము? అది నా విశ్వాసములో నిన్న ఉన్నట్టే నేడూ ఉన్నది. నాసా చెప్పిందని నేను దానిని నమ్మలేదు, నాసా చెప్పలేదని విడువను. యోబు తన స్నేహితులను ఒక ప్రశ్న అడిగాడు, పదమూడవ అధ్యాయము ఏడవ వచనములో చూడండి. దేవుని పక్షముగా మాట్లాడుతున్నామని చెప్పి మీరు అన్యాయపు మాటలు పలుకుతారా అని దాని భావము. ఆ వచనాన్ని ఇతరుల మీద ఎన్నోసార్లు వాడాను. ఆ రాత్రి అది నా మీదికే వచ్చింది.

మరునాడు ఆ అమ్మాయిని పిలిచి, "బిడ్డా, నీ ప్రాజెక్టు మనిద్దరము కలిసి చేద్దాం. నేను నీకు నేర్పను, నేనూ నీతోపాటు నేర్చుకుంటాను" అన్నాను. మా అమ్మగారు టీ పెట్టింది. మూడు సాయంకాలాలు కూర్చున్నాము. అక్కడ తెలుసుకొన్న సంగతులు మన ఇళ్లలో చదువుకొనే పిల్లలందరికీ పనికివస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఎదురైన చిక్కు పేరు. మన వీరుని పేరు కొమురం భీము, కొమరం భీం, కుమ్రం భీం అని రకరకాలుగా రాస్తారు. జిల్లా పేరును ప్రభుత్వము కుమురం భీమ్ అని రాస్తుంది. ఒక తీరుగా రాసి వెదికితే కొన్ని వస్తాయి, ఇంకో తీరుగా రాస్తే వేరేవి వస్తాయి. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి వెదకాలి. ఊర్ల పేర్లూ అంతే. పాత ఇంగ్లీషు పుస్తకాలలో ఆదిలాబాద్ బదులు ఎదలాబాద్ అని ఉంటుంది. ఆ పేరు తెలియకపోతే నూరేళ్ల కిందటి సంగతులు ఉన్నా కనబడవు.

రెండవది, ఎప్పుడు రాశారన్నది. ఒక చోట ఆసిఫాబాదు "ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములోని ఆదిలాబాద్ జిల్లాకు చెందిన పట్టణము" అని ఉంది. ఆ అమ్మాయి అలాగే ఎత్తి రాసుకున్నది. రాసినవాడు అబద్ధమాడలేదు. 2014 జూన్ 2కు ముందు అది నిజమే. తరువాత తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబరు 11న మన జిల్లా వేరుపడింది. 2011 జనాభా లెక్కల పుస్తకాలలో మన మండలాలన్నీ పాత ఆదిలాబాదు కిందనే ఉంటాయి. కాబట్టి చదివిన సంగతి పక్కన, అది ఏ సంవత్సరములో రాసిందో కూడా రాసుకోవాలి.

మూడవది, సాక్షుల సంఖ్య. ఆ అమ్మాయి సంతోషముగా, "అక్టోబరు 27 అని ఆరు చోట్ల ఉన్నది అయ్యగారూ, ఆరుగురు సాక్షులు" అన్నది. ఆరింటినీ పక్కపక్కన పెట్టి చదివాము. నాలుగింటిలో వాక్యాలు ఒక్కటే. అచ్చుతప్పు కూడా ఒక్కటే! ఒకరిని చూసి ఒకరు ఎత్తి రాసుకున్నారు. అవి నలుగురు సాక్షులు కాదు, ఒక్కరే. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీద సంగతి స్థిరపడాలని ద్వితీయోపదేశకాండము 19:15 చెబుతుంది. అంటే ఎవరికి వారు చూసినవారు, విన్నవారు అని గదా. ఒకని వెనుక ఒకడు అదే పాఠము అప్పజెప్పితే అది సాక్ష్యము కాదు.

నాలుగవది, చెప్పేవాడు ఎవరు, ఎందుకు చెబుతున్నాడు అన్నది. 2022లో వచ్చిన ఆర్.ఆర్.ఆర్. సినిమా చూసి, భీము, అల్లూరి సీతారామరాజు ఢిల్లీలో కలిసి పోరాడారని నమ్మే పిల్లలు మన ఊర్లలోనే ఉన్నారు. అది కల్పిత కథ అని తీసినవారే చెప్పారు. ఆ ఇద్దరూ కలుసుకున్నారనడానికి చరిత్రలో ఆధారము లేదు. అల్లూరి 1924 మే 7న మరణించాడు, భీము పోరాటము 1940లో ముగిసింది. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన కొమురం భీము నవల మన ప్రాంతములో పేరుపొందినది, ఆదివాసుల కష్టాన్ని తెలుసుకోవడానికి మంచిదే. అయితే నవలలోని సంభాషణను తెచ్చి చరిత్ర అని రాయకూడదు. కథకు కథ విలువ, సాక్ష్యానికి సాక్ష్యము విలువ.

మరి సాక్షి ఎవరు? ఇక్కడ మన జిల్లాకు దేవుడు గొప్ప భాగ్యము ఇచ్చాడు. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు, జోడేఘాట్ సంఘటన జరిగిన కొద్ది కాలానికే మన అడవులకు వచ్చాడు. జైనూరు దగ్గర మార్లవాయిలో గోండుల మధ్య తన భార్యతో కాపురమున్నాడు. 1945లో హైదరాబాదు రాజ్యపు ఆదివాసులపై నివేదికలు, 1948లో ఆదిలాబాదు రాజగోండుల మీద పుస్తకము ప్రచురించాడు. 1982లో భారతదేశపు గిరిజనుల బ్రతుకు పోరాటము మీద రాసిన పుస్తకమును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము వారు ఇంటర్నెట్టులో ఉచితముగా చదువుకొనేటట్టు పెట్టారు. ఆయన భార్య 1987లో హైదరాబాదులో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. మన జిల్లా బిడ్డ మన జిల్లా సంగతిని లండన్‌లో పాఠము చెప్పిన పండితుని పుస్తకములో, తన ఇంటి అరుగు మీద కూర్చొని చదవగలుగుతున్నది. నేను చదువుకొనే రోజులలో ఇలాంటిది కలలో కూడా లేదు.

అయితే ఆయనను కూడా కళ్లు మూసుకొని నమ్మకూడదని ఆ అమ్మాయే అన్నది. "ఆయన నిజాం సర్కారుకు సలహాదారు గదా అయ్యగారూ. సర్కారు మీద ఎంత రాయగలడు?" అన్నది. నేను ఆశ్చర్యపోయాను. హైమెండార్ఫ్ మంచి సాక్షి. భూమి పోగొట్టుకున్న గోండుల పక్షముగా రాశాడు. అయినా ఆయన జీతము ఎక్కడినుండి వచ్చిందో జ్ఞాపకముంచుకొని చదవాలి. మొదట వాదించినవాని మాట సరిగానే ఉన్నట్టుంటుంది, ఎదుటివాడు వచ్చి ప్రశ్నలు వేసేదాకా అని సామెతలు 18:17లోని భావము. పుస్తకాన్ని ప్రశ్నించడము పుస్తకాన్ని అవమానించడము కాదు.

అయిదవది ఈ కాలపు కొత్త సంగతి. ఆ అమ్మాయి ఫోనులో మనిషిలాగ జవాబు చెప్పే యంత్రము ఉంది. కృత్రిమ మేధ అంటున్నారు. గోండుల మీద పుస్తకాలు చెప్పమంటే తడుముకోకుండా అయిదు పేర్లు చెప్పింది, రచయితలు, సంవత్సరాలతో సహా. వెదికితే రెండు ఉన్నాయి, మూడు ఎక్కడా లేవు! ఆ యంత్రానికి మోసము చేయాలని లేదు. మాట తరువాత ఏ మాట వస్తే బాగుంటుందో అది కూర్చుతుంది, అంతే. 2023లో అమెరికాలోని న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు ఇలాంటి యంత్రము చెప్పిన తీర్పులను కోర్టులో దాఖలు చేశారు. ఆ తీర్పులు లోకములోనే లేవు. న్యాయాధిపతి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. చదువుకొన్న వకీళ్లకే ఆ గతి పడితే మన పిల్లలెంత? కష్టమైన ఇంగ్లీషు వాక్యము అర్థము అడగడానికి అది పనికివస్తుంది. సాక్షిగా నిలబెట్టడానికి పనికిరాదు.

ఇక తేదీ సంగతి. సెప్టెంబరు 1 అని కొందరు, అక్టోబరు 27 అని కొందరు రాశారు. ఆదివాసులు మాత్రము ప్రతి సంవత్సరమూ ఆశ్వయుజ పున్నమినాడే జోడేఘాట్‌లో భీము వర్ధంతి చేస్తారు. కొందరు తేదీ, తిథి రెండూ పక్కపక్కనే రాస్తారు. అవి రెండూ ఒక్క రోజేనా? 1940లో ఆశ్వయుజ పున్నమి ఎప్పుడు వచ్చింది? మా దగ్గర 1940 నాటి పంచాంగము లేదు.

అప్పుడు ఆ అమ్మాయికి ఒక ఆలోచన వచ్చింది. "సూర్యగ్రహణం అమాస నాడే వస్తది గదా అయ్యగారూ. ఆ ఏడు గ్రహణం ఎప్పుడు పట్టిందో దొరికితే పున్నమి లెక్క వేసుకోవచ్చు." వెదికితే గ్రహణాల పట్టిక దొరికింది. అయిదు వేల సంవత్సరాల సూర్యగ్రహణాలు తేదీలతో సహా వరుసగా ఉన్నాయి. ఆ పట్టిక పెట్టినవారు ఎవరనుకుంటారు? నాసా వారే! నేను లేని మాట అంటగట్టిన ఆ నాసాయే. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వారు నిజముగా చెప్పినది అక్కడే ఉండగా, చెప్పనిది నేను ఇన్నేళ్లు చెప్పుకొంటూ వచ్చాను.

పట్టిక ప్రకారము 1940 అక్టోబరు 1న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టింది. బ్రెజిలులో, దక్షిణాఫ్రికాలో కనబడింది. అంటే ఆ రోజు అమావాస్య. పదిహేను రోజులు కూడితే పున్నమి అక్టోబరు 16 ప్రాంతము. దసరా వెళ్లిన తరువాత వచ్చే పున్నమి అదే. వెనుకకు ఇరవై తొమ్మిది, ముప్పై రోజులు లెక్కవేస్తే సెప్టెంబరు 1, 2 తేదీలు మళ్లీ అమావాస్య దగ్గరకు వస్తాయి. అక్టోబరు 27 అంటే పున్నమి దాటి పదకొండు రోజులు, దీపావళి అమావాస్య ముందర. కాబట్టి సెప్టెంబరు 1 పున్నమి కాదు, అక్టోబరు 27 కూడా పున్నమి కాదు. తిథి నిజమైతే ఆ తేదీలు కావు. ఆ తేదీలలో ఒకటి నిజమైతే తిథి కాదు.

"అయితే అక్టోబరు 16 అని రాసేద్దామా?" అన్నాను నేను ఉత్సాహముగా. ఆ అమ్మాయి తల అడ్డముగా ఊపింది. "మనం పున్నమి ఎప్పుడో కనుక్కున్నం గని, ఆయన ఎప్పుడు అమరుడైండో కనుక్కోలేదు గదా అయ్యగారూ." మళ్లీ నేనే తొందరపడ్డాను! చివరకు ఆమె ఇలా రాసింది: ప్రచారములో ఉన్న తేదీలు ఇవి, ఆదివాసుల జ్ఞాపకము ఇది, 1940లో ఆ పున్నమి అక్టోబరు 16 ప్రాంతములో వచ్చింది, తేదీలకు తిథికి పొత్తు కుదరదు. దేనికి ఆధారము ఎక్కడిదో కింద రాసింది. ఏది తనకు తెలిసింది, ఏది తెలియనిది అనే గీత స్పష్టముగా గీసింది.

తరువాతి శనివారము నేను వారి ఇంటికి వెళ్లాను. అన్న వాకిట్లో ఆటో కడుగుతున్నాడు. "తమ్ముడూ, నాసా సంగతి నీవు చెప్పినదే నిజము. నేను చెప్పింది తప్పు. నలుగురిలో నిన్ను నవ్వులపాలు చేశాను, క్షమించు" అన్నాను. వాడు నీళ్లబొక్కెన కింద పెట్టి, ఏమనాలో తెలియక, "ఛాయ్ తాగుతరా అయ్యగారూ?" అన్నాడు.

ఆదివారము ఆరాధనలో కూడా అదే సంగతి సంఘము ముందర ఒప్పుకున్నాను. నలుగురిలో చెప్పిన తప్పును నలుగురిలోనే దిద్దుకోవాలి గదా. ఒక పెద్దాయన తరువాత పక్కకు పిలిచి, "ఎందుకయ్యా ఇప్పుడు? అందరూ మరచిపోయిన సంగతి. మీ మాటకు విలువ తగ్గదా?" అన్నాడు. ఆయన ప్రేమతోనే అన్నాడు. కాని ఒక తల్లి వచ్చి, "మా పిల్లలతోని ఇగ నేను ధైర్యంగ చెప్త, అయ్యగారు తప్పైతే తప్పని చెప్తడు అని" అన్నది. ఆ పిల్లవాడు క్రిస్మసు ఆరాధనకు వచ్చి వెనుక బల్ల మీద కూర్చున్నాడు. ప్రతి ఆదివారమూ రావడము లేదు. నేను తొందరపెట్టడము లేదు. నమ్మకము పోగొట్టడానికి ఒక్క మాట చాలు, తిరిగి కట్టడానికి కాలము పడుతుంది.

ప్రియమైన తల్లిదండ్రులారా, మీకు ఇంగ్లీషు రాదని, ఫోను సంగతులు తెలియవని వెనుకంజ వేయవద్దు. బిడ్డ ఏదైనా చూసి చెప్పినప్పుడు ఈ అయిదు ప్రశ్నలు మీరు తెలుగులోనే అడగవచ్చు: ఎవరు చెప్పారు? ఎప్పుడు రాశారు? వారికి ఎట్లా తెలిసింది? వేరే ఎవరైనా, వీరిని చూసి రాయనివారు, అదే మాట చెప్పారా? ఇది మనము నమ్మితే వారికేమి లాభము? విత్తనాలు కొనేటప్పుడు, ఎద్దును కొనేటప్పుడు మనము అడిగే ప్రశ్నలే ఇవి. పళ్లు చూడకుండా ఎద్దును కొనేవాడు ఎవడైనా ఉన్నాడా?

విద్యార్థులారా, మీకు కొన్ని మంచి బావులు చూపుతాను. పరిశోధకులు పట్టాల కోసము రాసిన గ్రంథాలు "శోధ్‌గంగ"లో దొరుకుతాయి. మన దేశపు విశ్వవిద్యాలయాలు అక్కడ పెడతాయి. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. వారు నడిపే జాతీయ డిజిటల్ గ్రంథాలయము ఉంది. పాత తెలుగు పుస్తకాలు, అచ్చులో దొరకనివి, ఇంటర్నెట్ ఆర్కైవులో ఎన్నో ఉన్నాయి. జనాభా సంగతులకు జనాభా లెక్కల శాఖ వారి చోటికే వెళ్లండి, వేరెవరో ఎత్తి రాసిన అంకెలు తీసుకోవద్దు. వికీపీడియా చదవండి, తప్పులేదు, తెలుగులో 2003 నుండి ఉంది. అయితే ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల పుస్తకము అది. కాబట్టి అక్కడ ఆగిపోక, పేజీ అడుగున ఇచ్చిన ఆధారాల దగ్గరకు వెళ్లండి. ఆధారము లేని వాక్యాన్ని మీ నోటుపుస్తకములోకి రానివ్వవద్దు. ఇతరుల వాక్యాలు ఎత్తి మీవిగా రాయవద్దు. అది దొంగతనమే, పొలము గట్టు జరిపినట్టే. ఎవరి మాటో వారి పేరుతో రాస్తే గౌరవము మీకూ, వారికీ.

ఫోనులో సిగ్నలు లేని ఊర్లలో ఉన్నవారు దిగులుపడవద్దు. మీ ఊరి పెద్దలే గ్రంథాలయము. జోడేఘాట్‌లో మ్యూజియము ఉంది, మార్లవాయిలో ఆ సమాధులు ఉన్నాయి. వెళ్లి చూడండి, అడగండి, రాసుకోండి, చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వేయండి. ఆ గోండు పెద్దాయన చెప్పిన పున్నమి మాట లేకపోతే మా లెక్క మొదలయ్యేదే కాదు.

పరిశోధన అనేది లోకసంబంధమైన పని, మనకెందుకని అనుకొనే విశ్వాసులు ఉన్నారు. లూకాను చూడండి. తన సువార్త మొదటి నాలుగు వచనాలలో ఆయన ఏమి చేశాడో చెప్పాడు: మొదటినుండి కన్నులారా చూచినవారి మాటలు, అన్ని సంగతులు జాగ్రత్తగా పరిశీలించి, వరుసగా రాశాడు. థెయొఫిలు తాను నేర్చుకొన్నది నిశ్చయమని తెలుసుకోవాలని అట్లా చేశాడు. బెరయవారు పౌలు అంతటివాడు చెప్పినా, అది నిజమేనా అని ప్రతిదినము లేఖనాలు వెదికి చూశారు. అపొస్తలుల కార్యములు 17:11లో అందుకు వారిని మెచ్చుకున్నారు గాని, సందేహించేవారని తిట్టలేదు. నేనే తిట్టాను.

ఇప్పుడు మా ఇంట్లో బల్ల మీద ఒక చిన్న నోటుపుస్తకము ఉంది. ప్రసంగములో చెప్పబోయే ప్రతి కథ, ప్రతి అంకె పక్కన ఎవరు చెప్పారో రాసుకుంటాను. రాయలేకపోతే చెప్పను. ప్రసంగాలు కొంచెము చిన్నవయ్యాయి. సంఘస్థులు ఎవరూ ఫిర్యాదు చేయలేదు!

సత్యమునకు ప్రభువైనవాడు మన పిల్లల కన్నులు తెరచునుగాక. వారు ప్రశ్న అడిగినప్పుడు జవాబు చెప్పే ఓర్పు, జవాబు లేనప్పుడు లేదని ఒప్పుకొనే దీనత్వము కాపరులమైన మాకు, తల్లిదండ్రులైన మీకు దయచేయునుగాక. ఆమేన్.